వాగు దగ్గర ఆలస్యంగా వచ్చిన జవాబు

ఉద్యోగం ముగించుకుని ఏన్కూరు వచ్చేశాక మా వదిన నన్ను వీధిలో అందరికీ ఒకేలా పరిచయం చేసింది. "మా ఆడబిడ్డ. హైదరాబాదులో కంప్యూటర్లు బాగుచేసేది." మరునాడే ఎదురింటాయన పాడైపోయిన ప్రింటర్ చంకన పెట్టుకుని వచ్చాడు. నావల్ల కాలేదు. అప్పట్నుంచి ఈ వీధిలో నా చదువు మీద కొంచెం అనుమానం ఉంది, నాకు దానిమీద పెద్ద ఫిర్యాదు లేదు.

నేను చేసింది కెర్నెల్ పని. యంత్రానికీ, దాని మీద నడిచే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసే కోడ్‌ను కెర్నెల్ అంటారు. అది సరిగ్గా నడిచినంత కాలం ఉందని కూడా ఎవరికీ తెలియదు. అందులోనూ నేను కొత్తగా రాసింది తక్కువ. ఎక్కువగా ఇతరులు పంపిన చిన్న చిన్న మరమ్మతులు చదివాను. వాటిని ప్యాచ్‌లు అంటాం. చదవడం, తప్పు పట్టడం, తిప్పి పంపడం, మళ్లీ చదవడం, ఇక తప్పు దొరక్కపోతే "నేను చూశాను" అని కింద పేరు పెట్టడం. అదే రివ్యూ. పేరు పెట్టామంటే ఆ తర్వాత అది చెడితే రాసినవాడితో పాటు మనమూ బోనులో నిలబడతాం.

ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. హోదాలు, ప్రమోషన్ల సంగతి మిగతావాళ్లు చెబుతారు. నేను భయం గురించి చెబుతాను. ఈ ఉద్యోగంలో జీతంతో పాటు నాకు వచ్చింది అదే. జీతం ఆగింది, అది మాత్రం ఆగలేదు.

మూర్తిగారి కుర్చీ ఎదుట

నా మొదటి బాసు మూర్తిగారు. మనిషి మెత్తన, చదవడం మొదలుపెడితే మాత్రం కసాయి. ప్యాచ్ తెచ్చి ఇస్తే కోడ్ వైపు చూడరు. పైన మనం రాసిన వివరణ చదువుతారు.

"ఏం మార్చావో కోడ్ చూస్తే నాకు తెలుస్తుందమ్మా. ఎందుకు మార్చావో చెప్పు. ఇది లేకపోతే ఎవరికి ఏమైంది?"

"హ్యాంగ్ అవుతోంది సార్."

"ఎవరిది? ఎక్కడ? ఆ మనిషి అప్పుడు ఏం చేస్తున్నాడు?"

నాకు ఒళ్లు మండేది. కోడ్‌కీ మనిషికీ ఏం సంబంధమని గొణుక్కుంటూ వెనక్కి వచ్చి రాసేదాన్ని. రాస్తుంటే సగంలో నా మరమ్మతు తప్పని నాకే అర్థమయ్యేది. అది ఆయనకు ముందే తెలుసని నా అనుమానం.

ఒకసారి ఒక డిస్కుల యంత్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతుండేది. ఎందుకో కనిపెడదామని కోడ్ మధ్యలో, ఇక్కడిదాకా వచ్చానని తెరమీద అచ్చువేసే ఒక లైను పెట్టాం. అంతే, జబ్బు మాయం. లైను తీసేస్తే మళ్లీ బిగుసుకుంది. నా పక్కన కూర్చునే కుర్రాడు సంబరంగా, "ఆ లైను అలాగే ఉంచి పంపేద్దాం సార్" అన్నాడు. మూర్తిగారు అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మనం చూస్తున్నంతసేపూ దాక్కుంది. దాన్ని పోవడం అంటారా?"

ఆ లైను వల్ల యంత్రం కాస్త నెమ్మదించి, గొడవ పడే రెండు పనులు ఒకదానికొకటి తగలకుండా తప్పుకుంటున్నాయి, అంతే. అసలు గొడవ అలాగే ఉంది. పిల్లలూ, కాస్త ఆలస్యం చేస్తే పోయే జబ్బును ఎప్పుడూ నమ్మకండి. నేను ఎవరినైనా నిష్కర్షగా తిప్పి పంపానంటే ఎక్కువసార్లు ఇలాంటివాటికే.

నవీన్ మొదటి ప్యాచ్

రిటైరయ్యాక కూడా పాత అలవాటుగా నేను కొంత కోడ్‌కు రివ్యూ చేస్తూనే ఉన్నాను. యంత్రాలకు తగిలించిన సెన్సర్లతో మాట్లాడే భాగం అది. ప్యాచ్‌లు అందరూ చూసే చోటికి ఈమెయిల్‌లో వస్తాయి, జవాబులూ అందరి ముందే ఇస్తాం. పోయిన వానాకాలం మొదట్లో నవీన్ అనే కొత్త పేరుతో ఒకటి వచ్చింది. నాలుగు లైన్లు. వివరణలో "సెన్సర్ సమస్య సరిచేయబడింది" అని ఉంది.

కోడ్ చూశాను. సెన్సర్‌ను ఒక సంగతి అడుగుతుంది, కాసేపు ఎదురుచూస్తుంది, తర్వాత జవాబు వచ్చి పడే చోట, గిన్నె అనుకోండి, అందులో ఉన్న అంకెను తీసి పైకి ఇస్తుంది. నవీన్ చేసిందల్లా ఒకసారి కాదు, మూడుసార్లు అడగమనడం. నాకు మూర్తిగారు పూనారు. మళ్లీ మళ్లీ అడగడం మరమ్మతు కాదనీ, ఎవరికి ఏమైందో రాయమనీ కటువుగానే తిప్పికొట్టాను.

రెండో రోజు వివరణ మార్చి పంపాడు. అది చదువుతుంటే చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

మా కంపెనీ వాగుల దగ్గర నీటిమట్టం చూసే పెట్టెలు పెడుతుంది, అని రాశాడు. స్తంభం మీద సెన్సర్ ఉంటుంది, నీళ్లు వాగు దాటే చప్టా మీద పాదం మునిగేంత ఎక్కితే ఎర్రదీపం, లేకపోతే పచ్చదీపం. ఏన్కూరు దాటాక అడవి వైపు ఉన్న చప్టా దగ్గర ఒకనాడు నీళ్లు ఎక్కుతున్నా దీపం పచ్చగానే ఉంది. బడిపిల్లల ఆటో సగందాకా దిగి, డ్రైవరు చూసుకుని వెనక్కి తీశాడు.

నేను కూర్చున్న వరండాలోంచి మబ్బు పడితే నల్లగా కనిపించే అడవి అదే. ఆ ఆటో ముత్తయ్యది. అవతలి గూడెం పిల్లల్ని మా ఊరి బడికి తెచ్చేది అతనొక్కడే. నేను మాత్రం హైదరాబాదులో ఎవరిదో యంత్రం అన్నట్టు రెండు రోజులుగా వేలు చూపించి దబాయిస్తున్నాను.

నవీన్‌కు ఫోన్ చేశాను. అతనిది నేలకొండపల్లి. గొంతు వింటేనే తెలిసింది, చెమటలు పడుతున్నాయని.

"మేడం, నేను ఏమన్న తప్పు రాసిన్నా?"

"లేదు నాయనా. ఆ చప్టా మా ఊరిదే. నిన్న రాయాల్సింది ఇవాళ రాశావు, అంతే. జవాబు రాకపోతే ఆ కోడ్ ఏం చేస్తోందో చూశావా?"

కాసేపు కీబోర్డు టకటకలు వినిపించాయి.

"అయ్యో. జవాబు వచ్చిందా లేదా అని చూస్తనే లేదు మేడం. గిన్నెల పాత అంకె ఉంటే గదే పైకిస్తుంది."

"అదీ. ఎండలో కొలిచిన అంకెనే వానలోనూ చెబుతోంది. పచ్చదీపం అందుకే."

నవీన్ సరిచేశాడు. జవాబు రాకపోతే పాత అంకె ఇవ్వకూడదు, తెలియదని చెప్పాలి. ప్యాచ్ శుభ్రంగా ఉంది. కింద నా పేరు పెట్టాను.

తీసేసిన పేరు

పేరు పెట్టాక హాయిగా ఉండాలి. నాకెప్పుడూ ఉండదు. ఆ సాయంత్రం బియ్యం కడుగుతుంటే ఒక ప్రశ్న తగులుకుంది. ఎదురుచూడటం ఆపేశాక జవాబు వస్తే?

వాకిట్లో నిలబడి లోపలివాళ్లను "అన్నం అయిందా" అని అడిగామనుకోండి. జవాబు రాలేదు. కాసేపయ్యాక "నీళ్లు వచ్చాయా" అన్నాం. సరిగ్గా అప్పుడు లోపల్నుంచి "అయింది" అని వినిపించింది. అది ఏ ప్రశ్నకు జవాబు? సెన్సర్ నెమ్మదిగా ఉన్నరోజు ఇదే జరుగుతుంది. మనం విసిగి వదిలేశాక జవాబు వచ్చి గిన్నెలో కూర్చుంటుంది. తర్వాతిసారి అడగగానే, అడిగినంతలోనే జవాబు తయారుగా కనిపిస్తుంది. కోడ్ సంతోషంగా దాన్నే ఇస్తుంది. అసలు జవాబు వెనకాలే వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంటుంది. ఇక అక్కడినుంచి ప్రతి కొలతా ఒకటి వెనకబడి నడుస్తుంది. ఎక్కడా తప్పు కనిపించదు. బ్యాటరీ పొదుపుకోసం ఆ పెట్టె ఎడమిచ్చి ఎడమిచ్చి కొలుస్తుంది. అడవిలో వాన పడితే ఆ ఎడం చాలు మా వాగుకు.

బియ్యం అక్కడే వదిలి అందరూ చూసే ఆ చోట రాశాను: నా పేరు తీసేయండి, నేను సరిగా చూడలేదు. ఇలా రాయడానికి సిగ్గుపడే రివ్యూవర్లను చాలామందిని చూశాను. వాళ్ల దగ్గర పని నేర్చుకోవద్దని నా సలహా.

వెంటనే నవీన్ ఫోన్.

"మేడం, మీ పేరు చూసి మావోళ్లు పెట్టెలకు ఎక్కించిన్రు. అప్పుడే, మీ ఊరి దగ్గరదానికి గూడ."

బయట మబ్బు ఉరుముతోంది. ముత్తయ్య ఫోన్ నంబర్ కోసం వదిన ప్రాణం తోడేశాను. దీపాన్ని నమ్మొద్దనీ, దిగి చూసుకుని పొమ్మనీ చెబితే, "సరేనమ్మా, మంచిగ చూస్త" అన్నాడు, ఎందుకని కూడా అడగలేదు. ఆ రాత్రి వాన పడకుండా పోయింది. పడివుంటే నేనేమయ్యేదాన్నో తెలియదు.

నవీన్ ఇంకో ప్యాచ్ పంపాడు. అడిగాక గిన్నెను తుడిచేస్తున్నాడు. ఇది ఇంకో గొయ్యి. సెన్సర్ చురుగ్గా ఉండి అడిగిన వెంటనే జవాబిస్తే, ఆ మంచి జవాబును కూడా తుడిచేస్తాడు.

"ముందు తుడువు, తర్వాత అడుగు" అన్నాను. "విసిగి వదిలేసేటప్పుడు సెన్సర్‌కు ఇక చాలని కూడా చెప్పు. లేకపోతే అది మాట్లాడుతూనే ఉంటుంది."

"రెండు లైన్లు పైకి కిందికి జరిపితే సరిపాయె గద మేడం."

"ఆ రెండు లైన్లు ఎందుకు జరిపావో పైన ఒక పేరా రాయి."

నవ్వాడు, కానీ రాశాడు. బాగా రాశాడు. ఈసారి రెండు రోజులు ఆగి పేరు పెట్టాను.

ముత్తయ్య ఆటోలో

సవరించిన కోడ్‌ను ఎక్కించడానికి నవీన్ స్వయంగా వచ్చాడు. నేనెప్పుడూ నా పని నడిచే చోటు చూడలేదు. మా వృత్తిలో చాలామంది చూడరు. చూడాలనిపించి, బడి వదిలే వేళకు ముత్తయ్య ఆటోలో ముందు సీటులో అతని పక్కనే ఇరుక్కుని కూర్చున్నాను. వెనక గూడెం పిల్లలు ఒకరి మీద ఒకరు, వాళ్ల భాషలో ఏదో నా గురించే చెప్పుకుని నవ్వుతున్నారు.

చప్టాకు దిగే వాలులో ఆటో నెమ్మదించింది. ఎదురుగా స్తంభం మీద పచ్చదీపం. అవతల ఒడ్డున నవీన్, పెట్టె మూత తెరిచి ఉన్నాడు. అనుకున్న ప్రకారం అతను సెన్సర్ తీగ ఊడదీయాలి. పాతరోజుల్లో అయితే దీపం పచ్చగానే ఉండేది. ఇప్పుడు ఉండకూడదు.

తీగ ఊడదీశాడు. పచ్చదీపం ఆరిపోయింది.

నా గుండె పొంగింది. నిజం చెబుతున్నాను, ఇన్నేళ్లలో నా పని ఫలితాన్ని కళ్లతో చూడటం అదే మొదటిసారి. పెట్టె అబద్ధం చెప్పడం మానేసింది. తెలియదని ఒప్పుకుంది. ఆ ఆనందంలో నేనుండగానే ముత్తయ్య గేరు మార్చి ఆటోను సరాసరి చప్టా మీదికి పోనిచ్చాడు.

"ఆపు! ముత్తయ్యా, ఆపు!"

అతను బ్రేకు తొక్కాడు. ముందు చక్రం కింద పల్చగా నీళ్లు పారుతున్నాయి. పాదం కూడా మునగదు.

"ఏందమ్మా, ఏమైంది?"

"దీపం ఆరింది కదా! చూడలేదా?"

"అవ్, చూసిన. మబ్బు పట్టింది గద, సోలార్ దిగి ఉంటది. వానకాలం గట్లనే ఆరుతది. కరెంటు పోయినట్టే."

"ఆరితే ఎట్లా పోతావయ్యా?"

"ఎర్రగుంటె ఆగుతం. ఎర్రగ లేదు గదమ్మా."

నేనూ నవీనూ ఒక్కో లైనుకు ఒక పేరా రాసి, ఎన్నోసార్లు మార్చి, నిజాయితీగా "తెలియదు" అనిపించిన పెట్టె, ఈ ఒడ్డున ఉన్న మనిషికి "పో" అని చెబుతోంది. మబ్బు పట్టిన రోజున, అంటే సరిగ్గా వాగు పొంగే రోజున, ఇక్కడ ఆరిన దీపం మామూలు సంగతి.

నవీన్ నీళ్లలో టపటపా నడుచుకుంటూ వచ్చాడు. సంగతి విన్నాడు. మా వృత్తివాళ్లందరం అలవాటుగా అనే మాటే అన్నాడు.

"కెర్నెల్ల మనం చేసేది అయిపోయింది మేడం. జవాబు రాకపోతే ఎర్రర్ ఇస్తున్నం. దీపం నడిపే ప్రోగ్రాం వేరే టీంది. ఎర్రర్ వస్తే ఆర్పమని వాళ్లు రాసుకున్నరు."

మాకొక గీత ఉంటుంది. గీతకు ఇవతల కెర్నెల్, అవతల ప్రోగ్రాములు. ఇవతల తప్పు లేకపోతే చేతులు దులుపుకోవచ్చు. గీత మంచిదే, అది లేకపోతే అందరూ అందరి పనిలో వేలు పెడతారు. కానీ ముత్తయ్య ఆటో చక్రం ఆ గీతకు ఏ వైపున ఉందో నాకెవరైనా చెప్పాలి.

"ఆ టీం ఎక్కడుంది?"

"మా ఆఫీసుల, నా ఎన్కనే."

"అయితే ఇప్పుడే ఫోన్ చెయ్. తెలియకపోతే ఎర్రదీపం. చీకటి కాదు."

ముత్తయ్య ఇంజన్ ఆపకుండానే అంతా విన్నాడు. "అట్లయితె రోజూ ఎర్రగనే ఉంటదేమో" అన్నాడు.

తిరిగి వచ్చిన మొదటి మాట

అతనన్నట్టే అయింది. నవీన్ ఆఫీసువాళ్లు దీపం సంగతి తొందరగానే మార్చారు. పెట్టెకు కొలత తెలియకపోతే ఎర్రదీపం. కానీ ఆ సెన్సర్ వానచినుకులకే తడబడి జవాబివ్వదు. నాలుగు చినుకులకు ఎరుపు. నీళ్లు లేకపోయినా ఎరుపు. ఒకనాడు ముత్తయ్య మా గేటు దగ్గర ఆటో ఆపి మరీ చెప్పిపోయాడు.

"పొద్దుగాల్నుంచి ఎర్రగనే ఉన్నదమ్మా. చప్టా మీద చుక్క నీళ్లు లేవు. పిల్లలకు బడి పోయింది. ఇట్లయితె ఎవలు నమ్ముతరు?"

అతను నమ్మకం పోగొట్టుకుంటే నా మరమ్మతు లేనట్టే. కోడ్ ముందేసుకుని కూర్చుంటే, దారి కనిపించింది. మళ్లీ అడగాలి. నవీన్ మొదటిరోజు పంపిందీ, నేను గద్దించి తిప్పికొట్టిందీ అదే. అప్పుడది జబ్బును దాచేది. ఇప్పుడు గిన్నె తుడిచి, సెన్సర్‌ను ఆపి, శుభ్రంగా రెండోసారి అడిగితే అది జబ్బును దాచదు, చినుకు తడబాటును దాటిస్తుంది. రెండోసారి కూడా రాకపోతేనే తెలియదని చెబుతుంది. ఒకే మాట, ఒకచోట తప్పు, ఇంకోచోట ఒప్పు. నవీన్ చివరి ప్యాచ్ పంపాక కింద నా పేరుతో పాటు, ఈ ఆలోచన మొదట్నుంచీ రాసినవాడిదే అని చేర్చాను. అతను ఫోన్ చేశాడు. "మా అమ్మకు చదివి చెప్పిన మేడం" అన్నాడు.

ఎరుపులు తగ్గాయి. పూర్తిగా పోలేదు. పోవు కూడా. బ్యాటరీ నిజంగా దిగిపోతే దీపం ఇప్పటికీ ఆరుతుంది. దీపం లేకుంటే దాటవద్దని అక్కడ బోర్డు పెట్టించాం. దానికి అప్పుడే ఎవరో గేదెను కట్టేశారు. ఈ పనిలో చివరి ప్యాచ్ ఉండదు. ఇక తప్పు లేదని ఎవరైనా మీతో అంటే, ఆ మనిషి ఇంకా చప్టా దాకా రాలేదని అర్థం చేసుకోండి.

మొన్న ముసురు పట్టినప్పుడు అవతలి ఊళ్లో బెండకాయలు లేతగా ఉంటాయని వదినకు అబద్ధం చెప్పి, బడి వదిలే వేళకు మళ్లీ ఆ ఆటో ఎక్కాను. ఆమె నమ్మలేదు, గొడుగు ఇచ్చి పంపింది. వాలు దగ్గరికి వచ్చేసరికి వాన జోరందుకుంది. అద్దంలోంచి చప్టా కనిపించడంలేదు, అంతా తెల్లగా ఉంది. స్తంభం మీద మాత్రం ఎర్రదీపం.

ముత్తయ్య ఆటో ఆపి, తువ్వాలతో అద్దం తుడిచి, ముందుకు వంగి చూశాడు. అతనికీ ఏమీ కనిపించినట్టు లేదు. నా వైపు తిరిగాడు.

"నీళ్లు ఎక్కినయా అమ్మా, లేకుంటె మీ పెట్టెకు తెల్వకనా?"

ముప్పై ఏళ్లు ఆ రెంటికీ తేడా పట్టుకోవడమే నా ఉద్యోగం. దీపం వైపు చూశాను. ఇక్కణ్ణుంచి రెండూ ఒకటే ఎరుపు.

"నాకూ తెలియదు ముత్తయ్యా."

అతను అద్దంలో వెనక పిల్లల్ని ఒకసారి చూసుకున్నాడు.

"అయితె ఆగుదాం" అని ఇంజన్ ఆపేశాడు.